ప్రార్థనా స్థలాల్లో లైంగిక నేరాలు: రాజీ కుదిర్చే హక్కు పెద్దలకు లేదు

సంపాదకులకు నమస్కారం.

గుడి కావచ్చు, చర్చి కావచ్చు, మసీదుకు అనుబంధమైన మదర్సా కావచ్చు, ఆశ్రమం కావచ్చు. అక్కడ పనిచేసే మనిషి ఒక బిడ్డ మీద చెయ్యి వేశాడని తెలిసినప్పుడు మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చాలా సందర్భాల్లో మొదటి అడుగు పోలీసు స్టేషను వైపు పడదు. ముందు పెద్దలు కూర్చుంటారు. ఆలయ కమిటీ సభ్యులో, సంఘ పెద్దలో, జమాత్ పెద్దలో ఆ బిడ్డ తండ్రిని పిలిపించి, బిడ్డ బతుకు వీధిన పడుతుందని, దేవుడి పేరు చెడుతుందని, పక్క మతం వాళ్ల ముందు చులకనైపోతామని నచ్చజెబుతారు. ఆ మనిషిని ఊరు వదిలి వెళ్లమంటారు, లేదా అదే సంస్థకు చెందిన మరో ఊరికి పంపిస్తారు. తండ్రి చేతిలో కొంత డబ్బు పెడతారు. చిత్తూరు, తిరుపతి జిల్లాలు ఒకటిగా ఉన్నప్పటి నుంచి ఇక్కడి కోర్టుల్లో బెంచి గుమాస్తాగా పనిచేసి విరమించిన నాకు, కేసు దాకా రాని ఇలాంటి సంగతులు, కేసుగా వచ్చి మధ్యలో నీరుగారిపోయిన సంగతులు ఎన్నో తెలుసు. వాటి వివరాలు రాసే హక్కు నాకు లేదు. కానీ ఆ పెద్దలకు లేని హక్కు ఏదో రాయవలసిన అవసరం ఉందని భావించి ఈ లేఖ పంపుతున్నాను.

అందరూ పోక్సో అని పిలిచే, లైంగిక నేరాల నుంచి బాలలకు రక్షణ కల్పించే చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. దాని 19వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్ల లోపు బిడ్డపై నేరం జరిగిందని తెలిసిన ఏ వ్యక్తి అయినా, జరిగే అవకాశం ఉందని అనుమానం కలిగిన ఏ వ్యక్తి అయినా, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో స్థానిక పోలీసులకో తెలియజేసి తీరాలి. పూజారికని, పాస్టరుకని, మౌల్వీకని, కమిటీ అధ్యక్షుడికని అందులో మినహాయింపు ఏదీ రాసి లేదు. తెలియజేయకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఒక సంస్థకు అధిపతిగా ఉన్న వ్యక్తి తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని దాచిపెడితే ఆ శిక్ష ఏడాది వరకు ఉంటుంది, దానికి జరిమానా అదనం. సద్భావంతో సమాచారం ఇచ్చినవారిపై ఎలాంటి చర్యా ఉండదని కూడా అదే చట్టం హామీ ఇస్తోంది. మహారాష్ట్రకు చెందిన ఒక కేసులో 2022 నవంబరులో తీర్పు చెబుతూ, తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడం తీవ్రమైన నేరమేనని, తరచుగా అది అసలు నేరస్థుణ్ణి కాపాడే ప్రయత్నమేనని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే రాజీ కుదిర్చిన పెద్దమనుషులు ఊరికి ఉపకారం చేసినవారు కారు, చట్టం దృష్టిలో వారూ ముద్దాయిలే. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ సెక్షన్ కింద బోనులో నిలబడిన సంఘ పెద్దను నేను చూడలేదు. ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే.

మతసంస్థల విషయాన్ని చట్టం తేలికగా కూడా వదిలిపెట్టలేదు. విద్యాసంస్థ లేదా మతసంస్థ యాజమాన్యంలోనో సిబ్బందిలోనో ఉన్న వ్యక్తి తన సంస్థలోని బిడ్డపై అత్యాచారం చేస్తే దాన్ని ఐదవ సెక్షన్ మరింత తీవ్రమైన నేరంగా వర్గీకరించింది. 2019 సవరణ తరువాత దానికి కనీస శిక్ష ఇరవై ఏళ్ల కఠిన కారాగారం. ఇందులోని తర్కం న్యాయమైనదని నా నమ్మకం. బడి పంతులు మాట కాదనడానికి భయపడే బిడ్డ, దేవుడి మనిషి మాట కాదనడానికి ఇంకా ఎంత భయపడుతుందో మనకు తెలియనిది కాదు. ఆ భయాన్ని వాడుకున్నవాడి నేరం మిగతావారి నేరం కంటే పెద్దదని చట్టం అంటుంటే, సంఘం మాత్రం ఆ మనిషి దేవుడి సేవలో ఉన్నాడు కాబట్టి కాస్త చూసీచూడనట్లు పొమ్మంటోంది.

రాజీ ఎంత దూరం తీసుకువెళుతుందో తెలుసుకోవాలంటే కేరళలోని కొట్టియూరు కేసును చూడాలి. అక్కడి చర్చి ఫాదర్ రాబిన్ వడక్కుంచేరి చేతిలో గర్భవతి అయిన మైనరు బాలిక 2017లో బిడ్డను కన్నది. విచారణ మొదలైనప్పుడు ఆ నేరం తానే చేశానని బాలిక కన్నతండ్రి పోలీసులకు చెప్పాడు. ఏ తండ్రి నోటి నుంచీ రాకూడని ఆ మాట ఎంతటి ఒత్తిడి వల్ల వచ్చి ఉంటుందో నేను వర్ణించలేను. కోర్టులో బాలిక, ఆమె తల్లిదండ్రులు సాక్ష్యం మార్చారు. బాలిక తనకు అప్పటికే వయసు నిండిందని, తన ఇష్టంతోనే జరిగిందని చెప్పింది. అయినా జనన ధ్రువీకరణ, డీఎన్ఏ పరీక్ష నిలబడ్డాయి. 2019 ఫిబ్రవరిలో తలశ్శేరి కోర్టు ఆయనకు ఇరవై ఏళ్ల శిక్ష వేసింది. ఆ తరువాత బాలికను పెళ్లి చేసుకుంటానని, అందుకు బెయిలు ఇవ్వమని ఆయన కోరాడు, ఆమె కూడా అదే కోరింది. 2021లో ముందు హైకోర్టు, తరువాత సుప్రీంకోర్టు ఆ కోరికను తోసిపుచ్చాయి. పెళ్లి చేసేస్తే మచ్చ పోతుందన్న మాట మన ఊళ్లలోనూ ఎంతో మంది పెద్దల నోట విన్నదే. ఆ మాటకు దేశ అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన జవాబు ఇది.

డబ్బు తీసుకుని తండ్రి సంతకం పెడితే కేసు పోతుందన్న అపోహకు కూడా జవాబు ఉంది. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడిపై ఉన్న పోక్సో కేసును, బాలిక తండ్రితో రాజీ కుదిరిందన్న కారణంతో అక్కడి హైకోర్టు కొట్టివేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసి విచారణ కొనసాగించమంది. ఇలాంటి నేరం ఇద్దరు వ్యక్తుల మధ్య తగాదా కాదని, సమాజంపై జరిగిన నేరమని కోర్టు చెప్పింది. బిడ్డపై జరిగిన నేరాన్ని క్షమించే అధికారం తండ్రికే లేనప్పుడు కమిటీకి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడ ఒక భేదం చెప్పాలి. బాధితురాలు వయసు నిండిన స్త్రీ అయితే ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. ఆమెకు ఇష్టం లేకుండా ఇంకొకరు ఆమెను స్టేషను మెట్లు ఎక్కించకూడదు. కానీ ఆమె ఫిర్యాదు చేస్తానంటే అడ్డుపడే హక్కు కూడా ఎవరికీ లేదు. మా వద్ద విచారణ చేసి మేమే చర్య తీసుకుంటాం అన్న మాట ఆ అడ్డుపడే పద్ధతుల్లో ఒకటి. సంస్థలు లోపల విచారణ చేసుకోవద్దని నేను అనడం లేదు. 2019లో పోప్ ఫ్రాన్సిస్ జారీ చేసిన ఆదేశం, ఇటువంటి నేరాలు తెలిసినప్పుడు చర్చి అధికారులకు తెలియజేయడాన్ని ఫాదర్లకు, సిస్టర్లకు తప్పనిసరి చేసింది. అయితే ప్రభుత్వ అధికారులకు తెలియజేయాలని ఆయా దేశాల చట్టాలు పెట్టిన బాధ్యతకు దానివల్ల భంగం ఉండదని కూడా అందులోనే రాసి ఉంది. లోపలి విచారణ పదవి ఉంచాలా తీసేయాలా అన్నది తేల్చుకోవడానికి పనికివస్తుంది. నేరం జరిగిందా లేదా అన్నది తేల్చవలసింది కోర్టు ఒక్కటే.

అదే మాట నిందితుడి పక్షాన కూడా నిలుస్తుంది. అప్పటి జలంధర్ బిషప్ ఫ్రాంకో ములక్కల్‌పై ఒక సన్యాసిని 2018 జూన్‌లో అత్యాచార ఫిర్యాదు చేసింది. 2022 జనవరిలో కొట్టాయం కోర్టు ఆయనను నిర్దోషిగా విడుదల చేసింది. ఆ తీర్పు పైకోర్టులో నిలుస్తుందో లేదో నేను చెప్పేది కాదు, ఉన్నంత వరకు దాన్ని గౌరవించాలి. నన్ను బాధించేది ఆ మధ్య కాలం. ఫిర్యాదు నమోదైన తరువాత కూడా ఆయన అధికారంలో కొనసాగారు. ఆయనను బాధ్యతల నుంచి తప్పించడానికి, అరెస్టు చేయడానికి, తోటి సిస్టర్లు సెప్టెంబరులో కొచ్చి హైకోర్టు సమీపంలో రోడ్డు మీద కూర్చుని నిరసన చేయవలసి వచ్చింది. ఆరోపణ వచ్చిన వెంటనే మనిషిని బాధ్యతల నుంచి పక్కన పెట్టడం అతడు దోషి అని ప్రకటించడం కాదు. సాక్ష్యం చెప్పేవారు అతడి కింద బతకకుండా చూడడం మాత్రమే. ప్రభుత్వ కార్యాలయంలో లంచం ఆరోపణ వస్తేనే సస్పెండ్ చేస్తాం. దేవుడి పేరు మీద నడిచే సంస్థకు అంతకంటే తక్కువ నియమం ఎందుకుండాలి?

ఇప్పుడు నా సొంత ఇంటి సంగతి, అంటే కోర్టుల సంగతి. పెద్దల దగ్గరికి వెళ్లిన తండ్రిని తప్పుపట్టే ముందు, స్టేషనుకు వెళ్లిన తండ్రి ఏమవుతాడో చెప్పకపోతే అన్యాయం. బిడ్డ వాంగ్మూలాన్ని ఆమె ఇంట్లోనో, ఆమె కోరిన చోటో, సాధ్యమైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫారం లేకుండా వచ్చి నమోదు చేయాలని పోక్సో చట్టం అంటుంది. బిడ్డను పదేపదే కోర్టుకు పిలవకూడదని, సాక్ష్యం చెప్పేటప్పుడు నిందితుడు కంటపడకుండా ఏర్పాటు చేయాలని అంటుంది. కోర్టు కేసును విచారణకు స్వీకరించిన ముప్పై రోజుల్లో బిడ్డ సాక్ష్యం, వీలైనంత వరకు ఏడాదిలో మొత్తం విచారణ పూర్తి కావాలని 35వ సెక్షన్ చెబుతోంది. ఆచరణలో నేను చూసింది వేరు. వరండాలో తల్లి కొంగు పట్టుకుని నిలబడిన బిడ్డ ఎదురుగానే నిందితుడి తరఫు బంధువులు కూర్చుని ఉంటారు. పీపీ (ప్రభుత్వ న్యాయవాది) గారు సెలవు, డాక్టరు గారికి సమన్లు అందలేదు, ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ప్రయోగశాల) నివేదిక రాలేదు, డిఫెన్సు వారు గడువు కోరారు. ప్రతి కారణమూ విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది. అన్నీ కలిసేసరికి పన్నెండేళ్ల పిల్ల పదహారేళ్లదవుతుంది.

ఇంతలో ఆమెకు పెళ్లి కుదురుతుంది. అత్తవారికి ఆ సంగతి చెప్పి ఉండరు. ఒక రోజు కానిస్టేబులు సమన్లు పట్టుకుని ఆ అత్తవారి ఇంటి తలుపు తడతాడు. ఆ అమ్మాయి బోనెక్కి నాకేమీ తెలియదు, పోలీసులు సంతకం పెట్టమంటే పెట్టాను అని చెబితే ఆమెను అబద్ధాలకోరు అనడానికి నాకు నోరు రాలేదు. సాక్షి హోస్టైల్ అయిందని, అంటే మాట మార్చిందని, రికార్డులో నా చేతులతోనే రాసుకున్నాను. తీర్పు వచ్చిన రోజు సాయంత్రం ఆ నిందితుడి ఊళ్లో పెద్దలు చూశారా, మేం మొదట్లోనే చెప్పాం కదా అని ఉంటారు. కోర్టు చేసిన ప్రతి ఆలస్యమూ కమిటీ గదిలో కూర్చునే ఆ పెద్దలకు ఒక ఆధారమై కూర్చుంటోంది. అందుకే ఈ రెండు సంగతులనూ విడదీసి చూడడం కుదరదని నేను అంటున్నాను.

కోర్టులు తలచుకుంటే చేయలేవా అంటే, చేయగలవని మన జిల్లాయే చూపించింది. 2019 నవంబరులో మదనపల్లె దగ్గర ఒక కల్యాణమండపంలో పెళ్లికి వచ్చిన పసిపాపను ఎత్తుకెళ్లి అత్యాచారం చేసి చంపిన లారీ డ్రైవరుకు చిత్తూరు కోర్టు 2020 ఫిబ్రవరిలోనే ఉరిశిక్ష విధించింది. నాలుగు నెలలు కూడా పట్టలేదు. ఇప్పుడు మరో కేసు చూడండి. ఆధ్యాత్మిక గురువు ఆశారాంపై, ఆయన ఆశ్రమ భక్తుల కుటుంబానికి చెందిన బాలిక 2013 ఆగస్టులో లైంగిక దాడి ఫిర్యాదు చేస్తే, జోధ్‌పూర్ కోర్టు ఆయనకు యావజ్జీవ శిక్ష వేసింది 2018 ఏప్రిల్ 25న. ఆ మధ్యలో ఆయనపైనా, ఆయన కుమారుడిపైనా నడిచిన కేసుల్లో సాక్షులు ముగ్గురు హత్యకు గురయ్యారు. దాడిలో ప్రాణాలతో బయటపడిన మహేందర్ చావ్లా అనే సాక్షి మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లిన ఫలితంగానే 2018 డిసెంబరులో సాక్షుల రక్షణ పథకం దేశమంతటికీ వర్తించింది. హర్యానాలోని డేరా సచ్చా సౌదా అనే మతసంస్థ అధిపతి గుర్మీత్ రామ్ రహీం సంగతి ఇంకా దారుణం. అతడు తనపై అత్యాచారం చేశాడని ఒక శిష్యురాలు పేరు లేకుండా ప్రధానమంత్రికి ఉత్తరం రాసింది 2002లో. దాన్ని ప్రచురించిన పాత్రికేయుడు రామచందర్ ఛత్రపతి అదే ఏడాది తుపాకి గుళ్లకు బలయ్యారు. దోషి అని తీర్పు వచ్చింది 2017 ఆగస్టులో. ఆ రోజు పంచకులలో జరిగిన హింసలో ముప్పై మందికి పైగా చనిపోయారు. ఇరవై ఏళ్ల శిక్ష పడిన ఆ మనిషి ఆ తరువాత పదిసార్లకు మించి పెరోలు, ఫర్లోల మీద బయటకు వచ్చి సత్సంగాలు కూడా చేశాడు.

లారీ డ్రైవరుకు వెనుక భక్తులు లేరు, ఓట్లు లేవు, వకాల్తాకు బారులు తీరే పెద్ద లాయర్లు లేరు. ఆ పాప కేసులో వేగాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఆ వేగం మిగతా పిల్లలకు కూడా దక్కాలంటున్నాను. వేగం అంటే ఎన్‌కౌంటరు అనుకునేవారితో కూడా నేను ఏకీభవించను. 2019 డిసెంబరులో హైదరాబాదు శివార్లలో దిశ హత్యాచారం కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపినప్పుడు మన వీధుల్లోనూ మిఠాయిలు పంచారు. ఆ కాల్పులు ఉద్దేశపూర్వకంగా జరిపినవేనని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ 2019 డిసెంబరులోనే మన శాసనసభ ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు రావాలంటూ దిశ బిల్లును ఆమోదించింది, దానికి రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. కొత్త చట్టం మాట అటుంచి, ఉన్న పోక్సో చట్టంలోని గడువులను పాటించినా ఎంతో మంది పిల్లలు సాక్ష్యం చెప్పేటప్పటికి పిల్లలుగానే ఉంటారు.

మతం పేరుతో జరిగే అన్యాయంలో మన ప్రాంతానికే చెందినది ఇంకొకటి ఉంది. దాన్ని వదిలేసి కేరళ, రాజస్థాన్‌ల గురించి రాయడం నాకు న్యాయంగా తోచదు. తూర్పు మండలాల్లో దళిత కుటుంబాల ఆడపిల్లలను జబ్బు నయమైతే మొక్కు తీరుస్తామని మాతమ్మ అనే గ్రామదేవతకు వదిలే ఆచారం ఉంది. అలా వదిలిన పిల్లకు పెళ్లి ఉండదు. పెద్దయ్యాక ఆమెను ఊరి మగవాళ్లు ఎలా చూస్తారో అక్కడివారికి ఎవరూ చెప్పనవసరం లేదు. దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1988లోనే చట్టం వచ్చింది. అయినా 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఈ మాతమ్మ ఆచారంపై ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలకు నోటీసులు ఇవ్వవలసి వచ్చింది. అర్చకుడో పాస్టరో చేసిన నేరానికి కనీసం ఒక నిందితుడు ఉంటాడు. ఇక్కడ ఊరంతా కలిసి చేసే నేరానికి భక్తి అని పేరు పెట్టి, ఆ స్త్రీనే తక్కువగా చూస్తాం.

శిక్ష పూర్తి చేసుకుని వచ్చిన మనిషి మళ్లీ ప్రార్థనకు వస్తానంటే ఏం చేయాలన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. దేవుడి దగ్గరకు రావద్దని ఎవరినీ అనలేం, అనకూడదు కూడా. పశ్చాత్తాపానికి చోటు లేని మతం ఏదీ నాకు తెలియదు. కానీ పశ్చాత్తాపపడిన మనిషికి పిల్లల భజన బృందాన్నో, ఆదివారపు బడినో, అరబ్బీ తరగతినో, హాస్టలు బాధ్యతనో అప్పగించనక్కరలేదు. నలుగురి మధ్య కూర్చుని ప్రార్థన చేసుకోనిద్దాం, పిల్లలతో ఒంటరిగా ఉండే ఏ పనీ ఇవ్వవద్దు. నిజంగా మారిన మనిషి ఆ షరతుకు అభ్యంతరం చెప్పడు. ఊరు మార్చుకుని కొత్త చోట సేవకుడిగా చేరేవారి విషయంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. లైంగిక నేరస్థుల జాతీయ వివరాల పట్టిక 2018 సెప్టెంబరు నుంచి ఉంది, కానీ దాన్ని చూసే వీలు పోలీసు యంత్రాంగానికి మాత్రమే ఉంది. అది సబబే, పేర్లు వీధిలో పెడితే మూకదాడులు జరుగుతాయి. అయితే పిల్లలు ఉండే, పిల్లలతో నిత్యం పనిపడే ప్రతి సంస్థా తన సిబ్బంది పూర్వాపరాలను పోలీసుల ద్వారా ఎప్పటికప్పుడు తనిఖీ చేయించాలని 2020 పోక్సో నియమాలు చెబుతున్నాయి. వేద పాఠశాల, మదర్సా, క్రైస్తవ హాస్టలు, ఆశ్రమ గురుకులం అన్నిటికీ ఇది వర్తిస్తుంది. ఇది జరుగుతోందా అని అడిగేవారే కనబడరు.

కాబట్టి రెండు జిల్లాల కలెక్టర్లకు, ఎస్పీలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. దేవదాయ శాఖ, వక్ఫ్ బోర్డు, క్రైస్తవ సంఘాల అధిపతుల నుంచి, తమ కింద ఉన్న పిల్లల సంస్థల్లో ఈ తనిఖీ పూర్తయిందని రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు, 19వ సెక్షన్ సారాంశం ప్రతి ప్రార్థనా స్థలం గోడ మీద, కానుకల వివరాలు రాసినంత పెద్ద అక్షరాల్లో, తెలుగులో, ఉర్దూలో ఉండాలి. కోర్టు సమన్లు అత్తవారి ఇంటికి కాకుండా బాధితురాలు కోరిన చోట, యూనిఫారం లేని మహిళా సిబ్బంది చేత అందేలా ఎస్పీలు ఒక ఉత్తర్వు ఇస్తే చాలు, ఎన్నో కేసులు నిలబడతాయి. దానికి ఖర్చు కూడా లేదు. బాధిత బిడ్డకు కేసు ముగిసేదాకా తోడుండే సహాయక వ్యక్తిని నియమించే ఏర్పాటు నియమాల్లో ఉంది. ఆ నియామకం ఎన్ని కేసుల్లో జరిగిందో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, బాలల సంక్షేమ కమిటీ కలిసి సమీక్షించాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం ఉంది. బిడ్డ పేరు, ఊరు, ఫొటో రాకుండా మీరు పాటించే జాగ్రత్తకు కృతజ్ఞతలు. అయితే 'పెద్దల సమక్షంలో పంచాయతీ', 'రెండు లక్షలకు రాజీ' అంటూ జిల్లా పేజీల్లో వార్తలు వస్తుంటాయి. అలాంటి వార్త రాసే విలేకరి మరునాడు అదే స్టేషనుకు వెళ్లి, ఆ పెద్దల మీద 21వ సెక్షన్ కింద కేసు కట్టారా, కట్టకపోతే ఎందుకు కట్టలేదు అని అడిగి, ఆ జవాబును కూడా అదే పేజీలో ప్రచురించాలని కోరుతున్నాను.

భవదీయ,
విశ్రాంత న్యాయస్థాన ఉద్యోగిని,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు